80 లాక్ తీయించొద్దు, ముందు మీ కాలు చూసుకోండి

స్పీడ్ గవర్నర్ 80 దగ్గర ఆపేస్తోంది, డీజిల్ మాత్రం తాగేస్తోంది, తీయించేయనా అని అడిగారు కదా అన్నా. వద్దు. 2015 అక్టోబరు నుంచి కొత్త లారీలకు అది తప్పనిసరి. పైగా తప్పు దానిది కాదు. రోజంతా యాక్సిలరేటర్ అదిమిపెట్టి 80కే అతుక్కుని నడుపుతున్నట్టున్నారు. 65కి దిగితే గాలి అడ్డు మూడోవంతు తగ్గుతుంది. టాప్ గేర్‌లో, ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ముల్లు పచ్చ గీతలోనే ఉంచి లాగండి. టోల్‌గేటు కనపడగానే కాలు తీసేయండి, న్యూట్రల్ మాత్రం చేయొద్దు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో దొర్లితేనే ఇంజిన్‌కి డీజిల్ వెళ్లడం ఆగుతుంది (పాత డ్రైవర్లు చెబితే నమ్మరు!). టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూపించండి. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి మహా అయితే ముప్పావు గంట ఆలస్యం, అంతే.