కరెంటు పోతుందన్న భయంతో రౌటర్ ఫర్మ్‌వేర్‌ను పాతబడనివ్వకండి

ఇంటి కంప్యూటర్ నుంచి రౌటర్ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయవచ్చా, మధ్యలో కరెంటు పోతే రౌటర్ శాశ్వతంగా పాడైపోతుందా అని మీరు అడిగారు. తప్పకుండా చేయవచ్చు, చేయాలి కూడా. కరెంటు పోయినంత మాత్రాన రౌటర్ చేయి దాటిపోయినట్టు కాదని మా మామయ్య ఇంట్లో స్వయంగా చూశాను.

పాలకొల్లు దగ్గర మామయ్యకు రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రివేళ, చక్రాలు తిప్పి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి తెల్లవారేసరికి రొయ్యలు పైకి తేలతాయి కాబట్టి, ఆయన గట్టు మీద కెమెరాలు పెట్టించి, చక్రాలు తిరుగుతున్నాయో లేదో ఇంట్లోంచే చూసుకుంటారు. నెట్ కనెక్షన్ చూసే కుర్రాడు ఒక వానాకాలం సాయంత్రం ఫోన్‌తో, వైఫై మీదే ఆ రౌటర్‌కు అప్‌డేట్ మొదలుపెట్టాడు. అంతలో ఈదురుగాలికి కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే పవర్ లైటు ఒక్కటే మిణుకుమిణుకుమంటోంది. "ఆయ్, ఇంకిది పనికిరాదండి, కొత్తది తీసుకోండి" అని అతను వెళ్లిపోయాడు. "అల్లుడూ, ఈ రాత్రి కెమెరాలు కనబడకపోతే గట్టు మీదే జాగారం చేయాలి, ఓసారి వచ్చి చూడు" అని మామయ్య నాకు ఫోన్ చేశారు.

ఫర్మ్‌వేర్ ఉండే ఫ్లాష్ మెమరీలో రౌటర్ ఆన్ కాగానే ముందుగా పనిచేసి ఫర్మ్‌వేర్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ అనే చిన్న భాగం వేరుగా ఉంటుంది. మామూలు అప్‌డేట్ చాలా రౌటర్లలో దాని జోలికి పోదు. లైటు ఇంకా మిణుకుతోందంటే అది బతికే ఉందని నాకు ఆశ కలిగింది. ఆ మోడల్‌లో రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని రౌటర్‌ను ఆన్ చేస్తే, బూట్‌లోడర్ 192.168.0.66 అనే చిరునామాలో ఉన్న కంప్యూటర్‌ను వెతికి, నిర్ణీతమైన పేరున్న ఫర్మ్‌వేర్ ఫైలును టీఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ పద్ధతిలో దాని నుంచి తెచ్చుకుంటుంది. నేను ల్యాప్‌టాప్‌కు ఆ చిరునామా ఇచ్చి, ఫైలు పేరు మార్చి, ల్యాన్ కేబుల్ తగిలించి ప్రయత్నించినా మొదట ఏ కదలికా కనిపించలేదు, ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్ ఆ అభ్యర్థనను అడ్డుకుంటోంది. దాన్ని తాత్కాలికంగా ఆపి మళ్లీ బటన్ నొక్కినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఫైలు పంపే టీఎఫ్‌టీపీ ప్రోగ్రామ్ కిటికీలో ఒక గీత చకచకా నిండి మాయమైంది. ఆ తరువాత లైట్లన్నీ ఆరిపోయాయి. ఫైలును ఫ్లాష్‌లోకి రాసుకునే సమయం అదే కాబట్టి, మామయ్య ప్లగ్ తీయబోతుంటే ఆపాను. కాసేపటికి అన్ని లైట్లూ వెలిగాయి. బటన్ ఎంతసేపు నొక్కాలి, ఏ చిరునామా ఇవ్వాలి అన్నవి కంపెనీని బట్టి మారతాయి కనుక, అప్‌డేట్‌కు ముందే మీ మోడల్ పద్ధతి తెలుసుకుని, ఆ ఫైలును కంప్యూటర్‌లో దాచుకోండి.

అసలు ఇంత దూరం రాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది. రౌటర్‌కు, దాని అడాప్టర్ మీద రాసిన వోల్టులకూ ఆంపియర్లకూ సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందని ధీమాగా ఉండకండి. కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. ఇన్వర్టర్‌కు బ్యాటరీకి త్వరగా మారే యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టండి.

నన్ను అడిగితే కరెంటు కన్నా తప్పుడు ఫైలుతోనే ముప్పు ఎక్కువ. ఒకే పేరుతో అమ్మే రౌటర్‌లో రెండో వెర్షన్‌కూ మూడో వెర్షన్‌కూ లోపలి చిప్పే వేరు కావచ్చు. అందుకే రౌటర్‌ను తిరగేసి, అడుగున ఉన్న లేబుల్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ చదివి, ఫైలును కంపెనీ సైటు నుంచే దించుకోండి. అక్కడ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెల, అక్షరాల వరుస) ఇస్తే, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ (certutil) అనే ఆదేశంతో మీరు దించుకున్న ఫైలు విలువ తీసి, దానితో సరిపోల్చండి. సెట్టింగులు బ్యాకప్ తీసుకోండి. నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టెను మాత్రం వదిలేయండి, సాధారణంగా దాన్ని వాళ్లే దూరం నుంచి అప్‌డేట్ చేస్తారు.

"బాగానే పనిచేస్తోంది కదా, ముట్టుకోకండి" అని చెప్పి, పాస్‌వర్డ్ కూడా మార్చకుండా వెళ్లిపోయేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) అలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే కెమెరాలనూ, వాటి దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌లనూ, రౌటర్లనూ లొంగదీసుకుంది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మరో మాల్‌వేర్ కనీసం 54 దేశాల్లో 5 లక్షల పరికరాల్లోకి చొరబడింది. చెరువు గట్టు మీది కెమెరా కూడా అలాంటి పరికరమే.

కంపెనీల తీరు కూడా నాకు నచ్చదు. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారులు ప్రకటించాలని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం అమల్లో ఉంది. ఇక్కడ నేను కొన్న పెట్టెల మీద ఎంఆర్‌పీ, తయారైన నెల కనిపించాయి గానీ ఆ గడువు ఎక్కడా కనిపించలేదు. మీరు కొత్త రౌటర్ కొనేటప్పుడు, ఆ మోడల్‌కు చివరి ఫర్మ్‌వేర్ ఎప్పుడు వచ్చిందో కంపెనీ సైటులో చూసి, ఆ తరువాతే డబ్బు కట్టండి.