ఎవరి పేరున్నా ఒకటేనా?

ప్రశ్న: నా వయసు 35. హైదరాబాద్‌లో బ్యాక్టీరియా కణం గోడ మీద పీహెచ్‌డీ చేశాను. మా వారు అదే ల్యాబ్‌లో నాకు సీనియర్. రెండు ఇళ్లల్లోనూ ఒప్పించి పెళ్లి చేసుకున్నాం. బాబు పుట్టాక, పీహెచ్‌డీ తర్వాత చేసే పోస్ట్‌డాక్ పరిశోధన మధ్యలో మానేశాను. మూడేళ్ల కిందట మా వారికి యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. కొత్త ల్యాబ్ నిలదొక్కుకునేదాకా సాయం చేయమన్నారు. అప్పటినుంచి రోజూ వెళ్తున్నాను. బ్యాక్టీరియా జన్యువులు మార్చి కొత్త రకాలు (స్ట్రెయిన్లు) నేనే కడతాను, స్టూడెంట్స్‌కి పని నేర్పుతాను, ప్రాజెక్టులు రాసిపెడతాను. జీతం లేదు. మొన్న అచ్చయిన రీసెర్చ్ పేపర్‌లో నా పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది. అడిగితే "మనిద్దరిలో ఎవరి పేరున్నా ఒకటే కదా" అన్నారు. నిజమే అనుకున్నాను. మా వారు చాలా మంచివారు. సమస్యల్లా అత్తగారితోనే. బాబును చూసుకునేది ఆవిడే, కానీ "జీతం లేని ఉద్యోగానికి పిల్లాణ్ని నా మీద వదిలేసి పోతోంది" అని చుట్టాలందరి దగ్గరా అంటున్నారు. ఆవిడ నోరు ఎలా మూయించాలి? లేకపోతే బీఎడ్ చేసి ఏదైనా స్కూల్లో చేరిపోనా?

జవాబు: నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు నీది, అందుకే నువ్వు అంటున్నాను.

మీ అత్తగారి నోరు మూయించే పనిలో నేను నీకు సాయం చేయను. నీ ఉత్తరం మొత్తంలో సరిగ్గా లెక్కకట్టి మాట్లాడిన మనిషి ఆవిడ ఒక్కరే. నువ్వు రోజంతా చేసేది ఉద్యోగమేనని ఆవిడకు తెలుసు. దానికి జీతం లేదనీ తెలుసు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసింది మీ ఇంట్లో ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు. చుట్టాల దగ్గర అనడం పద్ధతి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ వయసులో పొద్దున్నుంచి రాత్రి ఏడింటిదాకా పసివాణ్ని పట్టుకుని ఉన్న మనిషి ఆ మాత్రం అనకుండా ఎలా ఉంటారు?

నీ అసలు ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. ఆ నాలుగు పేజీల్లో "మా వారు చాలా మంచివారు" అని ఐదుసార్లు రాశావు. భర్త నిజంగా మంచివాడైన ఇంట్లో ఆ మాట అన్నిసార్లు రాయాల్సిన అవసరం రాదమ్మా. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. ఇంట్లో భర్తగా ఎలా ఉన్నారన్నది వేరు, ల్యాబ్‌లో నీకు బాస్‌గా ఎలా ఉన్నారన్నది వేరు. ఆ రెండోది నువ్వు ఇంతవరకు చూడనేలేదు.

"ఎవరి పేరున్నా ఒకటే" అన్నారు కదా. ఒకటే అయితే నీ పేరే పెట్టి ఉండొచ్చుగా? ఆయన పేరు కృతజ్ఞతల్లో వేసుకుని, నీ పేరు పైన వేస్తే సరిపోయేదిగా? ఆ ఒకటే అనే మాట ఎప్పుడూ ఒకవైపే ఎందుకు ఒరుగుతుంది? పొలం పట్టాదారు పాసుపుస్తకం విషయంలో ఎవరి పేరున్నా ఒకటేలే అని అన్నదమ్ములు కూడా ఊరుకోరు. నీ రంగంలో పేపర్ మీద పేరు అంటే పాసుపుస్తకమే. రచయితల వరసలో, బెంచి దగ్గర నిలబడి పని చేసినవాళ్లు మొదటి పేరు, ల్యాబ్ నడిపేవాళ్లు చివరి పేరు. ఇది నీకూ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

ఆయన తరఫున ఒక్కమాట చెప్పగలను. భార్యను ప్రాజెక్టులో జీతానికి పెట్టుకుంటే పదిమంది వేలెత్తి చూపిస్తారు, ఆడిట్‌లో ప్రశ్నలు వస్తాయి. ఆ ఇబ్బంది నిజమే. కానీ జీతం ఇవ్వలేకపోవడం వేరు, పేరు ఇవ్వకపోవడం వేరు. పని చేసిన మనిషి పేరు పేపర్ మీద వేస్తే ఏ ఆడిటరూ అడ్డుపడడు.

నేను మహిళా డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు మైక్రోబయాలజీ చెప్పాను. అమెరికా శాస్త్రవేత్త ఎస్తర్ లెడర్‌బర్గ్ గురించి ఏ బ్యాచ్‌కూ చెప్పకుండా వదల్లేదు. నీకు ఆమె కనిపెట్టినవి తెలుసు, నీ ల్యాబ్‌లో వాడుతూనే ఉంటావు. ఆమె జీవితం తెలుసో లేదో. 1946లో తోటి శాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్‌ను పెళ్లి చేసుకుంది. ఇద్దరూ విస్కాన్సిన్‌లో ఒకే ల్యాబ్‌లో పనిచేశారు. ఒక ప్లేట్ మీద పెరిగిన బ్యాక్టీరియా కాలనీలను (గుంపులను) శుభ్రమైన మఖమల్ గుడ్డతో అద్ది, ఇంకో ప్లేట్ మీద అదే వరసలో ముద్ర వేసే పద్ధతి 1952లో ఇద్దరి పేర్లతో అచ్చయింది. బ్యాక్టీరియాలో మార్పులు మందు తగలకముందే ఉంటాయని తేల్చిన పద్ధతి అది. 1958లో జాషువాకు నోబెల్ వచ్చింది, 33 ఏళ్లకే. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ వెళ్లారు. ఆయన అక్కడ జెనెటిక్స్ డిపార్ట్‌మెంట్ అధిపతి. ఆమెకు అక్కడ పర్మనెంట్ ఉద్యోగం ఏనాడూ రాలేదు. 1966లో విడాకులయ్యాయి. ఆ తర్వాత కూడా అదే యూనివర్సిటీలో తాత్కాలిక హోదాల్లోనే నెట్టుకొచ్చింది. ప్రపంచమంతా వాడుకునే ప్లాస్మిడ్లను (బ్యాక్టీరియాలోని చిన్న డీఎన్ఏ వలయాలను) భద్రపరిచే కేంద్రాన్ని పదేళ్లు నడిపింది.

ఇందులో నువ్వు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. బ్యాక్టీరియాలో దాక్కునే ల్యామ్డా ఫేజ్ అనే వైరస్ గురించి ఆమె 1951లో తన ఒక్కదాని పేరుతోనే ప్రకటించింది. అందుకే ఇవాళ్టికీ ల్యామ్డా ఎవరు కనిపెట్టారంటే ఎస్తర్ అనే చెప్తాం. భర్త పేరు పక్కన చేరిన పనిలో ఆమె వాటా ఎంతో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అక్కడ ఆమె పేరు కనీసం పైనే ఉంది. నీ పేరు కృతజ్ఞతల్లో ఉంది.

మగవాళ్లందరూ ఇంతే అని నేను అనను. జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ కోరీకి ఒక యూనివర్సిటీ ఉద్యోగం ఇస్తామంటూ, భార్యతో కలిసి పరిశోధన చేయకూడదని షరతు పెట్టింది. ఆయన ఆ ఉద్యోగమే వద్దనుకున్నాడు. 1947లో నోబెల్ ఆయనకూ భార్య గెర్టీకీ కలిపి వచ్చింది. భర్త తలుచుకుంటే ఏం చేయగలడో మీ ఆయనకు ఇది చెప్పు.

నాకు బాధగా ఉన్నది ఇంకొకటి. ఈ మూడేళ్లు నువ్వు ఇంట్లో కూర్చుని బాబును పెంచుకుని ఉంటే కాగితం మీద ఏం కనిపించేది? ఖాళీ. రాత్రింబవళ్లు స్ట్రెయిన్లు కట్టి, ప్రాజెక్టులు రాసి, పిల్లలకు జెల్ వేయడం నేర్పితే ఇప్పుడు ఏం కనిపిస్తోంది? అదే ఖాళీ. రేపు ఏ సెలక్షన్ కమిటీ ముందు కూర్చున్నా వాళ్లు అడిగేది ఆ ఖాళీ గురించే. అప్పుడు "మా వారి ల్యాబ్ నేనే నిలబెట్టాను" అని చెప్పుకుంటావా? చెప్పినా ఎవరు నమ్ముతారు?

అందుకని ఈ వారమే ఆయనతో మాట్లాడు. ల్యాబ్‌లో వద్దు, అత్తగారి ముందు వద్దు. బాబు పడుకున్నాక, డైనింగ్ టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చుని అడుగు. ఏడవకు, దెప్పకు. రెండు సంగతులు అడిగితే చాలు. ఇప్పుడు రాస్తున్న పేపర్‌లో నా పేరు ఎక్కడ? అచ్చయిన పేపర్‌కు సవరణ పంపుదామా? రచయితలందరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే పత్రికలు పేర్ల సవరణ వేస్తాయి, ఇది మామూలుగా జరిగే పనే. ఆయన వెంటనే సరే అంటే, నీ ఐదు "మంచివారు"లకూ అర్థం ఉందని నేనూ ఒప్పుకుంటాను. చూద్దాంలే అంటే మాత్రం వచ్చే ఒకటో తారీఖు నుంచి ఆ ల్యాబ్‌కు వెళ్లకు. మొహమాటం వద్దు. ఆయన స్టూడెంట్స్ ఇబ్బంది పడితే పడనీ. ఆ ఇబ్బంది ఎంతో చూశాకైనా నీ పని విలువ ఆయనకు తెలుస్తుంది.

ఆయన సరే అన్నా కూడా నువ్వు అక్కడే ఉండిపోకూడదని నా అభిప్రాయం. నీకు వేరే గైడ్, వేరే సంస్థ, నీ పేరున వచ్చే డబ్బు కావాలి. పరిశోధన మధ్యలో ఆగిన ఆడవాళ్ల కోసం కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) వాళ్ల బయోకేర్ ఉంది, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) వాళ్ల వైజ్-కిరణ్ కింద పోస్ట్‌డాక్ ఫెలోషిప్ ఉంది. నోటిఫికేషన్ పడినప్పుడు వయసు, షరతులు నువ్వే చదువుకో, ఆయన చేత చదివించుకోకు. ఇన్నాళ్లూ ఆయనకు ప్రాజెక్టులు రాసిపెట్టిన చెయ్యి నీకోసం ఒకటి రాసుకోలేదా?

అందుకు ఊరు కూడా దాటక్కర్లేదు. నీ సబ్జెక్టులోనే, నువ్వున్న ఊళ్లోనే, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి గారు పనిచేస్తూ 2019లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. గోడ పెరగాలంటే పాత బంధాలు ముందు తెగాలని, ఈ.కొలై అనే బ్యాక్టీరియాలో ఆ కోత కోసే ఎంజైములు మూడున్నాయని, మూడూ లేకపోతే కణం పగిలిపోతుందని చూపించింది ఆవిడ ల్యాబే. నీ థీసిస్ ఈ పనికి పక్కనే ఉంటుంది. ఇలాంటి ల్యాబ్‌లకు ఉత్తరాలు రాయి. జవాబు రాకపోతే మళ్లీ రాయి. ఒక్కసారి కాదంటే మొహం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. పెళ్లి శుభలేఖ, ప్రాక్టికల్ రికార్డు ఒకే సంచిలో పెట్టుకుని నా గదికి వచ్చినవాళ్లలో మళ్లీ ల్యాబ్ మొహం చూసినవాళ్లు తక్కువ. నువ్వు అంతదూరం వచ్చావు.

బీఎడ్ సంగతి: టీచర్ పని మీద ఇష్టంతో చేసేవాళ్లు చేయాల్సిన చదువు అది. మొగుడి మీద కోపం దాచుకోవడానికి చేయకు. ఆ స్కూలు పిల్లలకు అన్యాయం చేసినదానివి అవుతావు.

అత్తగారితో మాత్రం ఒకరోజు కూర్చుని, "మీరన్నది నిజమే అత్తయ్యా, జీతం వచ్చే పనే వెతుక్కుంటున్నాను, ఇంకో ఏడాది బాబును చూసుకోండి" అని అడుగు. ఆవిడ ఒప్పుకుంటారనే నా నమ్మకం. మొదటి నెల ఫెలోషిప్ డబ్బు వచ్చాక ఆవిడకు పని సాయానికి ఒక మనిషిని పెట్టు.

ఇక ఈ రాత్రికి ఒక పని. మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉన్న స్ట్రెయిన్ల జాబితా తీసి, నువ్వు కట్టినవాటన్నింటి ఎదురుగా తేదీతో నీ పేరు రాసుకో. ఆయనతో మాట్లాడేటప్పుడు ఆ కాగితం నీ చేతిలో ఉండాలి.