అమ్ములూ, మూలలు వాడుకో

మద్దిలపాలెం,
విశాఖపట్నం.

చి. అమ్ములుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. లైటు వైపు పాకే ముప్పై బుల్లి రోబోలు, పైన ఒకటే లైటు, ఒక్కటీ చెప్పిన మాట వినట్లేదని నీ గోల. వాటి తప్పేం లేదే తల్లీ. అందరికీ ఒకే లైటు చూపిస్తూ ముప్పైటినీ ముప్పై చోట్ల నిలబెట్టాలని చూస్తున్నావు. ఆ పంతం మానెయ్.

హార్వర్డ్ వాళ్లు 2014లో కిలోబాట్లనే 1024 బుల్లి రోబోలతో ఆకారాలు కట్టించారు, నిజమే. కానీ అవి పక్కవాటితో ఇన్‌ఫ్రారెడ్‌లో మాట్లాడుకుంటాయి. నీవి మూగవి. ఆ ఫొటో చూసి కుళ్లుకోకు.

నీ చేతిలో ఉన్నవి రెండే. గుంపు నడిమధ్య ఎక్కడుంది, గుంపు ఎంత చెదిరింది. పైనున్న కెమెరా ఈ రెండూ లెక్కగట్టి ఇస్తే చాలు, ఏ రోబో ఎక్కడుందో నీకెందుకు? లైటు జరిపితే మధ్య జరుగుతుంది. చెదరడం మాత్రం లైటుతో ఆగదు. వైబ్రేషన్ మోటార్లతో సన్నకాళ్ల మీద వణుక్కుంటూ పాకేవి కదా, దేని వంకర దానిది. అందుకే బల్ల అంచున గోడ కట్టు. చెదరడం ఒక హద్దు దాటగానే పని ఆపి, లైటు మూలకి తీసుకెళ్లు. ముందొచ్చినవి గోడకి ఆగుతాయి, వెనకవి వచ్చి ఆనుకుంటాయి. బాగా దగ్గరపడ్డాకే మళ్లీ బయల్దేరదియ్. ఆపే హద్దూ బయల్దేరే హద్దూ ఒకటే పెట్టావో, మూలకీ బయటకీ తిరగడంతోనే బ్యాటరీలు అయిపోతాయి.

గుంపుచేత డబ్బా తోయించేటప్పుడూ అంతే. గుంపు నడిమధ్య డబ్బాని దాటి ముందుకెళ్లిపోతే ఇంక తోసేదెవరు? వెనక్కి పిలిచి, కూడగట్టి, మళ్లీ తోయించు.

జాలరిపేట ఒడ్డున అలివి వల లాగడం చిన్నప్పుడు చూశావుగా. కేక ఒకటే, లాగే చేతులు రకరకాలు. ఎవరి బలం ఎంతో కేక వేసేవాడికి అక్కర్లేదు, తాడు కదిలిందా లేదా అనేదే చూస్తాడు.

రోబోలన్నింటినీ ఒకేలా నడిపించాలని వాటి కాళ్లు అరగదీయకు. ఆ తేడా పనికొస్తుంది. దూరంనుంచి లైటు వెయ్, చురుకైనవి ముందుకొచ్చాక ఆర్పెయ్. చీకట్లో ఆగమని నువ్వే కదా రాశావు? మందకొడివి వెనకే ఉండిపోతాయి. ఒకే లైటుతో రెండు గుంపులయ్యాయా లేదా!

నా తెలివితక్కువ కూడా ఒకటి చెప్తా, నవ్వకు. నేను ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో ఓ బ్యాచ్ పిల్లల రోబోలు సాయంత్రం నాలుగు దాటితే చాలు, బల్లకి ఓ పక్కకే పోయేవి. కోడ్ తప్పని రెండు రోజులు పిల్లల్ని తిట్టాను. మూడోరోజు చూస్తే పడమటి కిటికీలోంచి బల్లమీద ఎండ! నీ వీడియోలోనూ కిటికీ తెరిచే ఉంది.

బల్ల పొడిగుడ్డతో తుడిచాకే మొదలుపెట్టు, మన సముద్రపు గాలికి జిగురెక్కుతుంది. ఆదివారం వస్తా. కిటికీకి మందపాటి నల్లగుడ్డ తెస్తాను, మేకులు నువ్వు చూసి ఉంచు.

మామయ్య