బెంగళూరులో లేఆఫ్‌లు జరుగుతుంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళు రోడ్డెక్కరెందుకు?

"ఉద్యోగాలు ఊడుతున్నా బెంగళూరు సాఫ్ట్‌వేర్ వాళ్ళకు రోషం రాదా, ఒక్కరూ రోడ్డెక్కరేం?" అని అడిగారు. రోషం లేకేం, కావలసినంత ఉంది. అది ఒకచోట పోగవ్వదు, అంతే. నేను చాలా ఏళ్ళుగా బొమ్మనహళ్లిలో ఉంటున్నాను, 2023లో ఉద్యోగాలు పోయిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి, కాబట్టి పోగైన కోపాన్నీ, పోగవ్వని కోపాన్నీ రెండింటినీ దగ్గర్నుంచే చూశాను.

ముందు గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడవాళ్ళ సంగతి చెప్తాను. 2016 ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్ రూల్ మార్చింది. ఉద్యోగం మానేస్తే మన వాటా తీసుకోవచ్చు, కంపెనీ కట్టిన వాటా మాత్రం 58 ఏళ్ళు వచ్చేదాకా ముట్టుకోవడానికి లేదు. మనలాంటి వాళ్ళు పేపర్లో చదివి పేజీ తిప్పేశారు. కానీ రోజంతా మిషన్ మీద వంగి కుట్టే ఆవిడకు ఆ డబ్బంటే కూతురి పెళ్ళి, వడ్డీకి తెచ్చిన అప్పు. మా కింది పోర్షన్‌లో మదనపల్లె వైపు అక్క ఒకావిడ ఉండేది, "యాభై ఎనిమిది దాకా నా నడుము నిలబడుతుందా తమ్ముడూ" అంది. ఏప్రిల్ 18న మా బొమ్మనహళ్లిలోనే మొదలైంది. ఏ పెద్ద యూనియనూ పిలుపివ్వలేదు, ఒక ఫ్యాక్టరీ వాళ్ళు బయటికొస్తే పక్క ఫ్యాక్టరీ వాళ్ళు కలిశారు, హోసూరు రోడ్డు మొత్తం ఆగిపోయింది. మర్నాటికి పీణ్య దాకా పాకింది, లాఠీచార్జి జరిగింది, టియర్‌గ్యాస్ వదిలారు, బస్సులు తగలబడ్డాయి, హెబ్బగోడి పోలీస్ స్టేషన్ దగ్గర బళ్ళు కాలిపోయాయి. ఆ 19 సాయంత్రానికే అప్పటి కార్మిక మంత్రి, మన బండారు దత్తాత్రేయ గారే, రూల్ వెనక్కి తీసుకుంటున్నామని చెప్పేశారు.

అదే ఏడాది బడ్జెట్‌లో, పీఎఫ్ తీసుకునేటప్పుడు అందులో 60 శాతం మీద పన్ను వేస్తామన్నారు గుర్తుందా? దాన్నీ మార్చి 8న అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ గారు ఉపసంహరించుకున్నారు. దానికి మనం రోడ్డెక్కనక్కర్లేకపోయింది, ఆన్‌లైన్ పిటిషన్లూ టీవీ చర్చలూ సరిపోయాయి. అంటే జీతగాళ్ళకు కోపం రాదనేది అబద్ధం. రెండుసార్లూ దెబ్బ అందరికీ ఒకే రోజు, ఒకే కాగితంతో తగిలింది, అదీ తేడా.

లేఆఫ్ అలా రాదు. మా ఆఫీసులో ఒక్కొక్కరినే మీటింగ్ రూమ్‌కి పిలిచారు, ఒకే టీమ్‌లో కూడా వేర్వేరు వారాల్లో. "మీరే రాజీనామా చేస్తే రెండు నెలల జీతం, మంచి రిలీవింగ్ లెటర్, లేదంటే పర్ఫార్మెన్స్ బాలేదని రాయాల్సొస్తుంది." ఇంటి లోను ఉన్నవాడు ఏం చేస్తాడు, నేనూ సంతకం పెట్టాను. అప్పటికి అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాది నిండిన వర్కర్‌ను తీసేయాలంటే నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాలి. రాజీనామా చేస్తే అవేవీ వర్తించవు, ఎందుకంటే కాగితం మీద మనల్ని ఎవరూ తీసేయలేదు! బయటికొచ్చాక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. మొదట హెచ్‌ఆర్‌ని తిట్టారు, తర్వాత తక్కువ జీతానికి వస్తున్న ఫ్రెషర్లని, తర్వాత ఏఐని. ఇంకొన్నాళ్ళకు అందులో ఓపెనింగ్స్ లింకులు తప్ప ఏమీ మిగల్లేదు, అవి కూడా కొందరు తమ దగ్గరే దాచుకునేవారు.

ఇక ఆ కోపాన్ని రాజకీయం ఎటు తిప్పుతుందో 2024 జులైలో చూశాం. మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకే అని కర్ణాటక కేబినెట్ బిల్లుకు ఓకే చెప్పింది, గొడవ కావడంతో 17వ తేదీకల్లా పక్కన పెట్టేశారు. ఈలోపు జరగాల్సింది జరిగింది. నాతో పాటు ఉద్యోగం పోయిన కన్నడ ఫ్రెండ్, నేనూ ఒకరికొకరు మెసేజ్ పెట్టుకోవడం తగ్గించేశాం. మనవాళ్ళేమో లోకేశ్ గారు కంపెనీలను విశాఖ రమ్మన్న పోస్టు షేర్ చేసుకుని ఈలలు వేశారు. ప్రైవేటులో 75 శాతం స్థానికులకే అని 2019లో చట్టం చేసింది మన ఆంధ్రానే, ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మమ్మల్ని తీసేసిన కంపెనీ పేరు ఈ గొడవలో ఎక్కడా రాలేదు చూడండి.

పైగా మనలో చాలామందికి ఓటు ఊళ్ళోనే ఉంటుంది. 2024 మే 13న ఆంధ్రాలో పోలింగ్ అంటే బెంగళూరు నుంచి బస్సులన్నీ కిక్కిరిసి వెళ్ళాయి. అంతకు ముందు ఏప్రిల్లో ఇక్కడి ఎన్నికలకు మా అపార్ట్‌మెంట్‌కి ప్రచారానికి వచ్చినవాళ్ళు నీళ్ళ ట్యాంకర్ల గురించి మాట్లాడి వెళ్ళారు, లేఆఫ్ మాటే తీయలేదు. ఎందుకు తీస్తారు, ఓటర్ లిస్టులో మా పేర్లు లేనప్పుడు?

మీకూ పిలుపు వస్తుందేమో అనిపిస్తుంటే ఒక మాట. ఆ రూమ్‌లోనే రాజీనామా మెయిల్ కొట్టకండి, "ఆలోచించుకుని చెప్తాను" అని బయటికి రండి, వాళ్ళన్నది మెయిల్లో రాసి పంపమని అడగండి. కార్డు మీద మేనేజర్ అని ఉన్నా, మీరు వర్కరా కాదా అని తేల్చడానికి చట్టం దగ్గర చూసేది మీరు నిజంగా చేసే పని. కర్ణాటకలో ఐటీ వాళ్ళకు కిటు అని యూనియన్ ఉంది, ముందు వాళ్ళతో ఒకసారి మాట్లాడండి. ఇంకా ముఖ్యం, మీ టీమ్‌లో ఇంకెవరిని పిలిచారో ఆ రోజే కనుక్కోండి.