హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయాలా, ఇండియా వెళ్ళిపోతే ఏమవుతుంది? మా ఇంటి అనుభవం

మీరు అడిగినవి మూడు. అమెరికా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో పీపీఓ (ప్రీమియం ఎక్కువగా ఉండే మామూలు ప్లాన్) మంచిదా, హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే హెల్త్ సేవింగ్స్ అకౌంట్) వచ్చే హై డిడక్టిబుల్ ప్లాన్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మనమే పెట్టుకోవాల్సిన మొత్తం, అంటే డిడక్టిబుల్, ఎక్కువగా ఉండేది) మంచిదా? ఖాతాలో ఎంత వేయాలి? నాలుగైదేళ్ళలో ఇండియా వెళ్ళిపోతే ఆ డబ్బు పోతుందా? మేం 2016 నుంచి ఈ ఖాతా వాడుతున్నాం. ముందు న్యూజెర్సీలో, ఇప్పుడు టెక్సాస్‌లో. మొదటి మూడేళ్ళు సరిగ్గా వాడుకోలేదు కాబట్టి, ఎక్కడ నష్టపోతామో కూడా చెప్పగలను.

ప్లాన్ సంగతి ముందు. చాలామంది డిడక్టిబుల్ అంకె చూసి భయపడి పీపీఓ తీసుకుంటారు. మీరు మూడు అంకెలు చూడండి: ఏడాది ప్రీమియం, ఆ ఏడాది మీ జేబు నుంచి పోగల గరిష్ఠ మొత్తం, కంపెనీ హెచ్‌ఎస్‌ఏలో వేసే డబ్బు. మాకు పీపీఓ ప్రీమియం నెలకు 520 డాలర్లు, రెండోది 240. ఏడాదికి 3,360 తేడా. కంపెనీ ఇంకో 1,000 వేస్తుంది. జేబు నుంచి పోగల గరిష్ఠం పీపీఓలో 6,000, దీనిలో 8,000. అంటే అందరూ ఆసుపత్రి పాలైన ఏడాదిలో కూడా మాకు ఈ ప్లానే చవక. మీ కంపెనీలో ప్రీమియం తేడా బాగా తక్కువగా ఉండి, ఇంట్లో ఎవరికైనా నెలనెలా ఖరీదైన మందులు పడుతుంటే లెక్క తిరగబడొచ్చు. అప్పుడు పీపీఓనే తీసుకోండి. మీ పాప ఏడాది చెకప్‌కీ టీకాలకీ మాత్రం నెట్‌వర్క్ డాక్టర్ (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నవారు) దగ్గర డిడక్టిబుల్ పడదు.

ఎంత వేయాలంటే, 2026కి ఫ్యామిలీ పరిమితి 8,750 డాలర్లు, ఒక్కరికైతే 4,400. కంపెనీ వేసేది కూడా ఇందులోకే వస్తుంది. పేచెక్ నుంచే కట్ అయ్యేలా పెట్టుకోండి. బ్యాంకు నుంచి విడిగా వేస్తే ఆదాయపు పన్ను మాత్రమే మిగులుతుంది. పేచెక్ ద్వారా అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతం కూడా మిగులుతుంది. 22 శాతం పన్ను కట్టేవాళ్ళు, కంపెనీ వేసే 1,000 పోగా మిగిలిన 7,750 వేస్తే దాదాపు 2,300 డాలర్లు పన్నుకు పోకుండా ఆగుతాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాలు మాత్రం ఈ డబ్బు మీద రాష్ట్ర పన్ను వేస్తాయి. మేం ఎడిసన్‌లో ఉన్నప్పుడు అది కట్టాం, అయినా లాభమే.

మీ ఆవిడ కూడా ఉద్యోగం చేస్తుంటే ఆవిడ కంపెనీలో ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు కంపెనీ ద్వారా వచ్చే ఇంకో రకం పన్ను లేని ఖాతా) తీసుకున్నారేమో ఇప్పుడే అడగండి. 2018లో మావారు వాళ్ళ ఆఫీసులో మామూలు ఎఫ్‌ఎస్‌ఏ తీసుకున్నారు. దాంతో నా ఖర్చులు కూడా కట్టుకోవచ్చు కాబట్టి హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేసే అర్హత నాకు పోయింది. ట్యాక్స్ ఫైల్ చేసేటప్పుడు గానీ తెలియలేదు. గడువులోపే అదనపు డబ్బు, దాని మీద వచ్చిన వడ్డీ వెనక్కి తీసుకున్నాం కాబట్టి 6 శాతం జరిమానా తప్పింది. పళ్ళకీ కళ్ళకీ మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ అయితే ఇబ్బంది లేదు.

ఇక అసలు విషయం. మొదట్లో హెచ్‌ఎస్‌ఏ వాళ్ళిచ్చిన డెబిట్ కార్డును ప్రతి డాక్టర్ బిల్లుకూ గీకేసేదాన్ని. మిగిలింది వడ్డీ రాని నగదుగా పడి ఉండేది. రసీదుకు గడువు లేదని 2019లో తెలిసింది. ఖాతా తెరిచిన తర్వాత అయిన వైద్య ఖర్చు ఏదైనా సరే, ఇప్పుడు జేబులోంచి కట్టి, రసీదు దాచి, పదేళ్ళ తర్వాత ఆ మొత్తం పన్ను లేకుండా తీసుకోవచ్చు. ఈలోపు ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్) ఉంటుంది, పెరిగినదాని మీదా ఫెడరల్ పన్ను ఉండదు. ఖాతా తెరవక ముందు ఖర్చులు మాత్రం లెక్కలోకి రావు.

ఆ ఏడాదే మా చిన్నవాడు పుట్టాడు. 5,400 డాలర్ల బిల్లు ఆసుపత్రికి వడ్డీ లేకుండా నెలనెలా జీతంలోంచి కట్టాం. 2022లో గుంటూరులో నాకు రెండు రూట్ కెనాల్‌లు చేసి క్యాపులు వేశారు, 38,000 రూపాయలు. ఇండియాలో మనం చేయించుకున్న వైద్యం కూడా చెల్లుతుంది. బిల్లు మీద పేరు, తేదీ, చేసిన పని రాయించుకుని, ఆ రోజు డాలర్ రేటు నోట్ చేశాను. 2023లో మావారి ఉద్యోగం పోయింది. ఇంటి లోన్, ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం. ఆ టెన్షన్‌లో ఈ పాత రసీదులు, కళ్ళద్దాల బిల్లులు కలిపి 6,200 డాలర్లు తీసుకున్నాం, ఒక్క పైసా పన్ను లేకుండా. ఆ డబ్బుతోనే ఆ నెలలు గడిచాయి.

రసీదు కాగితం మీద అక్షరాలు ఏడాదిలో చెరిగిపోతాయి. అదే రోజు ఫోటో తీసి, ఇన్సూరెన్స్ వాళ్ళు పంపే ఈఓబీతో (ఏ బిల్లులో వాళ్ళ వంతెంత, మన వంతెంత అని చూపే కాగితం) కలిపి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఏ రసీదు మీద డబ్బు తీసుకున్నారో ఒక షీట్‌లో రాయండి. ఒకే బిల్లుకు రెండుసార్లు తీసుకోకూడదు.

మా కంపెనీ ఖాతాలో 1,000 డాలర్లు నగదుగా ఉంచితేగానీ ఇన్వెస్ట్ చేయనివ్వరు, పైగా నెలకో ఫీజు. అందుకే ఏడాదికోసారి చాలావరకు ఫిడెలిటీ అనే సంస్థలోని మా హెచ్‌ఎస్‌ఏ ఖాతాకు మారుస్తాం, అక్కడ ఖాతా ఫీజు లేదు. ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు నేరుగా మార్చమని అడగండి, చెక్ మీ చేతికి తీసుకోకండి. చేతికి తీసుకుంటే 60 రోజుల గడువు, అదీ 12 నెలలకు ఒక్కసారే.

ఇది ఎవరూ చెప్పరు గానీ నాకు అన్నిటికంటే ముఖ్యం. 2017లో మావారు డిడక్టిబుల్ ఇంకా నిండలేదని రెండు నెలలు కడుపునొప్పి ఓర్చుకున్నారు. చివరికి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాం, గాల్‌బ్లాడర్ తీసేశారు. అప్పటి నుంచి డిడక్టిబుల్‌కు సరిపడా డబ్బు ఖాతాలో నగదుగానే ఉంచుతాం. ఎవరికి నలతగా ఉన్నా ఆ హెచ్‌ఎస్‌ఏ కార్డు తీసుకుని ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని మా ఇంట్లో నియమం. దాని పైన ఉన్నదే ఇన్వెస్ట్ చేస్తాం. మీరూ మొదటి ఏడాది ఆ మొత్తం నిండేదాకా ఫండ్ల జోలికి వెళ్ళకండి.

అమ్మానాన్నల విషయం కూడా చెప్పాలి. విజిటర్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఈ ఖాతా నుంచి కట్టకూడదు. ఊళ్ళో వాళ్ళ ఆసుపత్రి బిల్లులూ చెల్లవు, అమెరికాలో నివాసి కానివాళ్ళు పన్ను లెక్కలో మీ డిపెండెంట్లు కారు. మా అమ్మ మోకాలి ఆపరేషన్ అప్పుడు నేనూ ఆశపడి సీపీఏని (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) అడిగాను, కుదరదన్నారు. గ్రీన్ కార్డుతో ఇక్కడే ఉంటూ సగానికి పైగా మీ మీదే ఆధారపడితే వేరే సంగతి.

ఇండియా వెళ్ళినా డబ్బు పోదు, ఖాతా మీదే. కొత్తగా వేయలేరు, అంతే. అక్కడ మీ దంపతుల వైద్యానికి వాడుకోవచ్చు. వైద్యం కాకుండా వేరే వాటికి తీస్తే 65 ఏళ్ళ లోపు ఆదాయపు పన్నుతో పాటు 20 శాతం జరిమానా, 65 దాటాక పన్ను మాత్రమే. జూన్‌లో వెళ్ళిపోతే ఆ ఏడాది పరిమితిలో సగమే వేయాలి. వెళ్ళే ముందటి ఏడాది మధ్యలో ప్లాన్‌లో చేరి, డిసెంబర్ 1న అర్హత ఉందని పూర్తి పరిమితి వేసి ఉంటే, వెళ్ళిన ఏడాది చివరిదాకా అర్హత లేనందువల్ల ఎక్కువ వేసిన దాని మీద పన్ను, 10 శాతం జరిమానా పడతాయి. ఇండియాలో పూర్తి రెసిడెంట్ అయ్యాక అక్కడి పన్ను లెక్క వేరు. అందుకే బయల్దేరే ముందే దాచిన రసీదులన్నిటి మీదా డబ్బు తీసేసుకోండి, మిగిలినదాని గురించి రెండు దేశాల పన్నులూ తెలిసినవాళ్ళతో ఒక గంట మాట్లాడండి.

మీ రెండు ప్లాన్ల ప్రీమియం, జేబు నుంచి పోగల గరిష్ఠం, కంపెనీ వేసే మొత్తం ఇక్కడ రాయండి. ఈ వారాంతంలో కూర్చుని లెక్క వేసి చెబుతాను.