పది నెలల పాపకు వాంతులు: ముందు చేయించాల్సింది మూత్ర పరీక్ష

పది నెలల పాపకు రెండు రోజులుగా జ్వరం, వాంతులు ఉన్నాయి, విరేచనాలు మాత్రం లేవు. వేల రూపాయలు పోసి మలం పీసీఆర్ ప్యానెల్ (ఒకేసారి ఎన్నో క్రిముల జన్యువులను వెతికే పరీక్ష) చేయిస్తే ఏ క్రిమో తేలిపోతుందా అని ఇంట్లోవాళ్లు అడిగారు. ఆ డబ్బు ఆపి, ముందు మూత్రం కల్చర్, అంటే మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష చేయించండి.

విరేచనాలు లేకుండా జ్వరం, వాంతులు ఉన్న పసిబిడ్డలో అందరూ మర్చిపోయేది మూత్రంలో ఇన్ఫెక్షన్. ఈ వయసులో మంటగా ఉందని చెప్పలేరు, కక్కుతారు. చాలావరకు కారణం ఈ.కోలై అనే పేగుల్లోని బ్యాక్టీరియా. తప్పులన్నీ శాంపిల్ పట్టడంలోనే జరుగుతాయి. అంటించే సంచిలో పట్టిన మూత్రం కల్చర్‌కు పనికిరాదు. చర్మం మీది, మలంలోని క్రిములు కలిసి లేని ఇన్ఫెక్షన్‌ను ఉన్నట్టు చూపిస్తాయి.

పాలు పట్టిన ఇరవై నిమిషాలకు మర్మాంగాన్ని సబ్బునీళ్లతో కడిగి, శుభ్రంగా తుడవండి. ఒకరు పాపను చంకల కింద పట్టుకుని కాళ్లు వేలాడేలా ఎత్తాలి. ఇంకొకరు చల్లటి నీళ్లలో తడిపిన గాజుగుడ్డతో పొత్తికడుపు మీద గుండ్రంగా రుద్దుతూ, మూత తీసిన స్టెరైల్ డబ్బా సిద్ధంగా ఉంచుకోవాలి. ఇలా చేస్తే దాదాపు మూడింట ఒక వంతు పిల్లలు ఐదు నిమిషాల్లోపే పోస్తారు. మొదటి చుక్కలు వదిలేసి మిగతాది పట్టండి, డబ్బా లోపల వేలు పెట్టొద్దు. గంటలో ల్యాబ్‌కు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. అలా దొరక్కపోతే ఆసుపత్రిలో సన్నటి గొట్టంతో తీస్తారు. యాంటీబయాటిక్ మొదటి డోసు పడ్డాక తీస్తే కల్చర్‌లో ఏదీ పెరగకపోవచ్చు, అసలు జబ్బు దాగిపోవచ్చు.

ఇక మలం సంగతి. క్రిమి కనబడటం వేరు, అదే కారణం కావడం వేరు. కోల్‌కతా సహా ఏడు చోట్ల జరిగి 2013లో వెలువడ్డ, పిల్లల విరేచనాల మీద చేసిన జెమ్స్ అధ్యయనంలో, విరేచనాలతో వచ్చిన పిల్లల్లో 83 శాతం మందికి ఏదో ఒక క్రిమి దొరికింది. విరేచనాలు లేని పొరుగు పిల్లల్లోనూ 72 శాతం మందికి దొరికింది! రోటా చుక్కలు ఈమధ్యే వేసి ఉంటే ఆ టీకా వైరస్సే పాజిటివ్‌గా రావచ్చు. అందుకే ప్యానెల్ కన్నా గడియారం ఎక్కువ చెబుతుంది. గదిలో ఉంచిన అన్నం తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులైతే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విషాన్ని అనుమానించాలి, వేడి చేసినా అది పోదు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు ఒకటి రెండు రోజుల తేడాతో కక్కుతుంటే నోరోవైరస్‌ను అనుమానించాలి. దానికి శానిటైజర్ చాలదు, సబ్బుతో కడుక్కోవాలి. ముందు వాంతులు, తర్వాత నీళ్ల విరేచనాలు అయితే రోటాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నిజంగా మలం పరీక్ష అవసరమైతే డైపర్‌ను తిప్పి, పీల్చుకోని ప్లాస్టిక్ వైపు లోపలికి పెట్టి తొడగండి. మామూలుగా తొడిగితే నీళ్ల విరేచనమంతా జెల్‌లోకి ఇంకిపోయి, గీకి తీసేందుకు ఏమీ మిగలదు.

జ్వరం రెండో రోజే విడాల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్త పరీక్ష) రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. టైఫాయిడ్ అనుమానం ఉంటే రక్తం కల్చరే చేయించాలి.

వాంతి ఆకుపచ్చగా వచ్చినా, పాప మత్తుగా పడి ఉన్నా, మాడు ఉబ్బినా ఈ పరీక్షలేవీ ఇంటి దగ్గర పెట్టుకోవద్దు. ఆకుపచ్చ వాంతి అంటే పేగు మెలిక పడి ఉండొచ్చు, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి.