టెక్ సందేహాలు: ఉప్పుగాలికి గరగరలాడే మిక్సర్లు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఇంట్లోనే రికార్డింగ్ గది ఏర్పాటు చేసుకున్నవారివి. నాలుగూ విశాఖవాసులవే కావడం యాదృచ్ఛికమని నేననుకోవడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వారికే కేటాయిస్తున్నాను.

మొదటి ఉత్తరం: మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి బాగా దగ్గర. మేడమీది గదిలో, మైకులూ వాద్యాల ధ్వనులను కలిపి సర్దే 12 ఛానళ్ల అనలాగ్ మిక్సర్ పెట్టుకుని భక్తిగీతాలు రికార్డు చేస్తుంటాను. కొని రెండేళ్లు కాకముందే ఫేడర్ (ధ్వని పెంచి తగ్గించే జారుడు మీట) జరిపినప్పుడల్లా గరగరమంటోంది. దుకాణంలో ఇచ్చిన స్ప్రే కొడితే వారం రోజులు బాగుండి, తర్వాత మునుపటికన్నా ఎక్కువైంది. ఏం చేయమంటారు?

ముందుగా ఆ స్ప్రే డబ్బాను పక్కన పెట్టేయండి. తుప్పు వదిలించడానికీ, బిగుసుకున్న తలుపు బందులకూ, సైకిల్ గొలుసులకూ వాడే నూనె స్ప్రేనే మీకు ఇచ్చి ఉంటారని నా అనుమానం. అది కొట్టిన రోజున మురికి కరిగి పక్కకు జరుగుతుంది కాబట్టి శబ్దం ఆగినట్టే ఉంటుంది. తర్వాత ఆ నూనె పొర గదిలోని దుమ్మునంతా పట్టి ఉంచి జిగురుముద్ద చేస్తుంది. పదేళ్ల క్రితం నేనూ ఇదే పని చేసి ఒక మిక్సర్‌లో నాలుగు ఫేడర్లు మార్పించుకున్నాను కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఫేడర్ లోపల ఉండేది చాలా సాదా ఏర్పాటు. సన్నని కార్బన్ పట్టీ ఒకటి, దానికి ఆనుకుని జారే లోహపు వేళ్లు కొన్ని, ఆ కదలిక మెత్తగా ఉండటానికి పూసిన కాస్త గ్రీజు, అంతే. వేలికీ పట్టీకీ మధ్య ఏదైనా అడ్డుపడితే ఆ క్షణం సిగ్నల్ తెగి మళ్లీ కలుస్తుంది, అదే మనకు గరగరగా వినిపిస్తుంది. వేరే ఊళ్లలో ఆ అడ్డు మామూలు దుమ్మే అయినా, మీ వీధిలో దానికి ఉప్పు తోడవుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు రేణువు ఆ తేమను పీల్చుకుని తానే ఉప్పునీటి బొట్టుగా మారిపోతుంది, తేమ బాగా తగ్గితేనే పొడిగా, దాదాపు నిరపాయంగా పడి ఉంటుంది. వానకాలంలో మన వంటింటి ఉప్పుడబ్బాలో చూసేది ఇదే. విశాఖలో తేమ 75 శాతం దాటే రోజులు ఎన్ని ఉంటాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని మిక్సర్‌కు కాక గదికి చేయాల్సింది. ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కొని బల్లమీద పెట్టండి, అది 40 నుంచి 55 శాతం మధ్య చూపేలా ఏసీని డ్రై మోడ్‌లోనైనా, గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్‌తోనైనా సర్దుకోండి, సముద్రం వైపు కిటికీ సందులకు రబ్బరు పట్టీలు వేయించండి. ఇది చేయకుండా ఎంత మంచి క్లీనర్ తెచ్చినా మూడు నెలలకొకసారి మళ్లీ మొదటికే వస్తారు.

ఇక శుభ్రం చేసే పద్ధతి. ప్లగ్ పూర్తిగా తీసేశాక ఫేడర్ టోపీలను నిటారుగా పైకి లాగండి. స్క్రూడ్రైవర్‌తో పక్కనుంచి ఎత్తితే కాడ వంగిపోతుంది. బిగువుగా ఉన్నవాటికి టోపీ కిందనుంచి సన్నటి రిబ్బన్ ముక్క చుట్టి రెండు కొసలూ పట్టుకుని లాగితే సులువుగా వస్తాయి. టోపీలను గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఒక రోజంతా ఆరనివ్వండి. ప్యానెల్ మీది దుమ్మును మెత్తని, పొడి బ్రష్‌తో ఒకవైపుకు తోస్తూ వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని కాస్త దూరంగా పట్టుకోండి, అది ప్యానెల్‌కు తగలకూడదు. ఊదే గాలి డబ్బా వాడితే దుమ్ము ఫేడర్ సందుల్లోంచి మరింత లోపలికి పోతుంది. అక్షరాలున్న చోట ఆల్కహాల్‌తో గట్టిగా రుద్దితే అవి చెరిగిపోతాయి కాబట్టి నీళ్లతో కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

ఆ తర్వాత ఏ ద్రవమూ వేయకుండా ఒక్కో ఫేడర్‌ను కిందినుంచి పైదాకా ముప్ఫైసార్లు జరపండి. మీరు ఎప్పుడూ వాడే రెండు మూడు ఫేడర్లకన్నా, సున్నా దగ్గరే నెలల తరబడి ఉండిపోయినవే ఎక్కువ గరగరలాడటం గమనిస్తారు. సగం కేసుల్లో జబ్బు ఇంతటితోనే తగ్గిపోతుంది. తగ్గని ఫేడర్లకు మాత్రమే, ఫేడర్ల కోసమే తయారుచేసిన, గ్రీజును కూడా తిరిగి అందించే క్లీనర్‌ను సన్నని గొట్టంతో రెండు క్షణాలు వేసి, వెంటనే మళ్లీ పాతికసార్లు జరిపి, కనీసం గంటసేపు మిక్సర్ మీద ఏదీ కప్పకుండా ఉంచి ఆరాకే కరెంటు ఇవ్వండి. ఇక్కడ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్కటే వాడటాన్ని నేను సమర్థించను. అది మురికితోపాటు గ్రీజును కూడా కడిగేస్తుంది. ఆ తర్వాత ఫేడర్ చేతికి ఇసుక తగిలినట్టు గరుకుగా కదులుతుంది, పట్టీ త్వరగా అరిగిపోతుంది. పైన గుండ్రంగా తిప్పే నాబ్‌ల సంగతి వేరు: వాటి భాగాలు ప్యానెల్ కింద మూసి ఉంటాయి, పైనుంచి ఎంత స్ప్రే కొట్టినా ప్యానెల్ తడవడమే తప్ప లోపలికి చేరదు. అందుకు మిక్సర్‌ను విప్పాలి. వారంటీ ఉంటే ఆ పని సర్వీస్ సెంటర్‌కే వదలండి.

ఒక్క హెచ్చరిక. ఇంత చేసినా అన్ని ఫేడర్లూ ఒకేలా గరగరమంటే తప్పు ఫేడర్లది కాకపోవచ్చు. ఫేడర్‌కు ముందు డీసీ కరెంటును (ఒకే దిశలో పారే కరెంటును) అడ్డుకునే కపాసిటర్ అనే చిన్న భాగం బలహీనపడి, ఆ కరెంటు ఫేడర్‌లోకి కారుతుంటే, శుభ్రమైన పట్టీ కూడా జరిపినప్పుడు గరగరమంటుంది. అప్పుడు క్లీనర్‌కు డబ్బు తగలేయకుండా మెకానిక్ చేత కపాసిటర్లు చూపించండి.

మర్రిపాలెం నుంచి మరొకరు: ఒక ఛానల్ ఉన్నట్టుండి చిన్నగా, వంకరగా వినిపిస్తుంది. కాసేపటికి దానంతట అదే బాగవుతుంది. మైక్, కేబుల్ మార్చి చూశాను, ఫలితం లేదు.

మీ మిక్సర్ వెనక ఆ ఛానల్‌కు, వేరే పరికరాన్ని మధ్యలో కలపడానికి ఇన్సర్ట్ అని రాసిన జాక్ (ప్లగ్ గుచ్చే రంధ్రం) ఉందేమో చూడండి. అందులో ఏ ప్లగ్గూ లేనప్పుడు సిగ్నల్ లోపలి చిన్న స్విచ్ పలకల గుండా దాటి వెళుతుంది. మనం ఆ జాక్‌ను ఏళ్ల తరబడి వాడం కాబట్టి ఆ పలకలు ఒకదానికొకటి తగిలే చోట పొర కట్టి, ధ్వని ఒకసారి దాటుతుంది, ఒకసారి ఆగుతుంది. ఖాళీ ప్లగ్ ఒకటి తీసుకుని పదిసార్లు గుచ్చి తీయండి, ఛానల్ నిలకడగా పనిచేస్తే జబ్బు అదే. తర్వాత ప్లగ్ కొసకు కరెంటు తగిలే చోట్లను శుభ్రంచేసే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క బొట్టు రాసి మరో పదిసార్లు అలాగే చేస్తే నెలల తరబడి నిలుస్తుంది. కొందరు గరుకు కాగితంతో ప్లగ్ మెరిసేలా రుద్దుతుంటారు. పై పూత పోయాక ఇత్తడి మన ఊరి గాలికి మరింత తొందరగా పాడవుతుందన్న సంగతి వాళ్లకు తట్టదు.

మూడో ఉత్తరం: రుషికొండ దగ్గర ఫ్లాట్. ఏసీ 20 డిగ్రీల మీద పెట్టి పాడతాను. అయిపోగానే ఏసీ కట్టేసి బాల్కనీ తలుపు తీస్తాను. ఈమధ్య కండెన్సర్ మైక్ పటపటమని శబ్దం చేస్తోంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా బయట పెడితే ఏమవుతుందో మీ మైకుకూ అదే అవుతోంది. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు, దాదాపు 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా ఆ గాలిలోని నీరు బొట్లు కట్టి తీరుతుంది. మీ మైకూ, మిక్సర్ లోపలి బోర్డులూ ఆ సమయానికి అంతకన్నా చల్లగా ఉంటాయి. మైక్‌లో ఉండే పలుచని పొర మీద విద్యుదావేశం నిలిచి ఉండాలి, తేమ తగిలితే అది అక్కడక్కడా కారిపోయి పటపటమంటుంది.

ఏసీని 25 దగ్గర పెట్టుకోండి. పాట అయ్యాక ఏసీ మాత్రమే ఆపి, గది తలుపు కనీసం గంటసేపు తీయకండి. మైకుకు కేబుల్ గుండానే అందే 48 వోల్టుల కరెంటును (ఫాంటమ్ పవర్) ఆపి, ఒక నిమిషం ఆగి, కేబుల్ తీసి, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలున్న గట్టి మూత డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ జోలికి పోకండి. సిలికా జెల్‌లో నారింజ రంగు గుళికలున్నది కొనండి, నీలి రంగువాటిలో విషపూరితమైన కోబాల్ట్ లవణం కలుపుతారు. నారింజ గుళికలు తేమ పీల్చి ఆకుపచ్చగా మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. తెరిచి ఉన్న బల్ల మీద సిలికా జెల్ పొట్లాలు పరిచి, మిక్సర్‌ను కాపాడుతున్నామనుకునేవాళ్లు కూడా ఉన్నారు, గదిలోని తేమ ముందు అవి లెక్కలోకి రావు.

చివరి ఉత్తరం: రెండు నెలలు శ్రీకాకుళంలో అత్తవారింట ఉండాల్సి వచ్చింది. మిక్సర్‌ను ఎలా వదిలి వెళ్లాలి? ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే తేమ పట్టదని స్నేహితుడంటున్నాడు.

మీ స్నేహితుడి మాటలో కొంత నిజముంది. వెచ్చగా ఉన్న పరికరాల మీద తేమ నిలవదు. కానీ ఆ వేడి ప్రతి 10 డిగ్రీలకూ లోపలి కపాసిటర్ల ఆయుష్షును సుమారు సగం చేస్తుంది, పైగా ఎవరూ లేని ఇంట్లో రెండు నెలలు ఆన్‌లో ఉన్న పరికరం నాకైతే నిద్ర పట్టనివ్వదు. ఇంట్లో ఉన్న రోజుల్లో వారానికి రెండుసార్లు గంటసేపు ఆన్ చేస్తే చాలు. ఊరికి వెళ్లేటప్పుడు మాత్రం పాత నూలు పంచె కప్పి, మిక్సర్‌ను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, అర కిలో సిలికా జెల్ లోపల వేసి, తేమ లేని రోజున మూత వేయండి. పాలిథిన్ కవరు చుట్టేసి వదిలితే అప్పటికే లోపలున్న తేమ బయటకు పోలేక అక్కడే ఉండిపోతుంది. తిరిగి వచ్చాక పెట్టె తెరిచిన రోజే కరెంటు ఇవ్వకుండా ఒక రాత్రి గదిలో ఉంచి, మర్నాడు మొదట మిక్సర్, చివరగా స్పీకర్లు ఆన్ చేయండి. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు.